ఊరు పెరగాలి, చెట్టు మిగలాలి



ప్రతి ఏటా ఈ సంచికలో జమాఖర్చుల పట్టిక, ఉపకార వేతనాలు అందుకొన్న పిల్లల వివరాలు, పేద ఆడపిల్లల పెళ్ళిళ్ళకు చేసిన సాయం చూస్తున్నారు. ఈసారి వాటితోబాటు ఒక చరిత్ర వ్యాసం కూడా ఉండాలని కార్యవర్గంలో అనుకొన్నాము. కారణం లేకపోలేదు. ఈ ఏడు మన సమావేశాల్లో అన్నిటికన్నా ఎక్కువసేపు వాదన జరిగింది డబ్బు మీద కాదు, చెట్ల మీద.

విషయం చాలామందికి తెలిసిందే. ఖబరస్తాన్ ముందువైపు గోడ వెంబడి నాలుగు పాత చింతచెట్లు ఉన్నవి. ఆ గోడ పక్క రోడ్డు ఒకప్పుడు బండ్ల బాట. ఇప్పుడు దాని మీద ఆటోలు, లారీలు, స్కూలు బస్సులు. రోడ్డుకు ఆనుకొన్న స్థలానికి ధర పెరిగింది. ఆ చెట్లు కొట్టించి వరుసగా అద్దె గదులు కడితే, నెలనెలా వచ్చే అద్దెతో ఎంతోమంది పిల్లల ఫీజులు కట్టవచ్చునని కొందరు యువ సభ్యులు ప్రతిపాదించారు. "చెట్టు నీడ ఇస్తుంది చాచా, కాదనం. కాలేజీ ఫీజు ఇస్తుందా?" అని ఒకరు అడిగారు. అడిగినదాంట్లో న్యాయం ఉంది. దానికి పెద్దవాళ్ళలో ఒకరు, "జనాజా తెచ్చినప్పుడు ఎండలో నిలబడి చూడు నాయనా, ఆ ఫీజు ఎంతో తెలుస్తుంది" అన్నారు. అందులోనూ న్యాయం ఉంది.

రెండు పక్కలా న్యాయం ఉన్నప్పుడు కోపాలు పెంచుకోవడం కన్న, ఇటువంటి చిక్కు ఇదివరకు ఎవరెవరికి వచ్చింది, వాళ్ళు ఏం చేశారు, ఏం పోగొట్టుకొన్నారు అని తెలుసుకోవడం మేలు. ఆ ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బాటపక్క చింతలు

మన గూడూరు బాటల మీద పెరిగిన ఊరు. మద్రాసు నుంచి కలకత్తాకు పోయే పెద్దబాటను ఇంగ్లీషువాళ్ళు గ్రేట్ నార్తరన్ ట్రంకు రోడ్డు అన్నారు. జి.ఎన్.టి. రోడ్డు అంటే నేటికీ మన లారీ డ్రైవర్లకు తెలుసు. నాయుడుపేట దాటి, గూడూరు మీదుగా నెల్లూరు పోయే బాట అదే. ఆ తరువాత రైలు వచ్చింది. మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే లైను, రేణిగుంట వైపు పోయే లైను ఇక్కడ కలిసినవి. దాంతో గూడూరు జంక్షను అయింది. పడమటి పక్క సైదాపురం గనుల నుంచి వచ్చిన అభ్రకం, అదే మన జనం మైకా అనేది, ఇక్కడి వర్తకులకూ కూలీలకూ ఒకప్పుడు అన్నం పెట్టింది. చుట్టుపక్కల తోటల నిమ్మకాయ మార్కెట్టుకు వచ్చి, ఇక్కడినుంచి దూరదేశాలకు పోయింది. తూర్పున చిల్లకూరు, కోట వైపు ఇసుక గాజు ఫ్యాక్టరీలకు పోతున్నది.

ఆ పాత బాట పక్కన చెట్లు ఊరికే మొలిచినవి కావు. మద్రాసు రాజధానిలో 1884 నాటి లోకల్ బోర్డుల చట్టం వచ్చిన తరువాత రోడ్లు, రోడ్ల పక్క చెట్లు చూసుకొనే బాధ్యత బోర్డుల మీద పడింది. చింత, మర్రి, వేప నాటించారు. చింతకాయల కాపును వేలం వేసేవారు. ఆ వేలం డబ్బు బోర్డు ఆదాయంలో ఒక పద్దు. అంటే ఆనాటి దొరతనానికి చెట్టు మీద ప్రేమ ఉండి కాదు. ఎండలో నడిచే ఎద్దుకు, మనిషికి నీడ కావాలి. బోర్డుకు రాబడి కావాలి. రెండూ ఒకే చెట్టు ఇచ్చింది. నీడకూ రాబడికీ పగ అని మనం ఈనాడు అనుకొంటున్నాం గాని, మన తాతల కాలంలో ఒకే కొమ్మకు రెండూ కాసినవి. ఈ సంగతి గుర్తుపెట్టుకోవలసినది.

తరువాత ఎడ్లబండి పోయి లారీ వచ్చింది. లారీకి నీడతో పనిలేదు, వెడల్పుతో పని. 2000 తరువాతి ఏళ్ళలో స్వర్ణ చతుర్భుజి పథకం కింద మద్రాసు, విజయవాడల మధ్య రోడ్డు నాలుగు వరుసలైంది. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు 5వ నంబరు రోడ్డు 16వ నంబరు అయింది. నంబరు మారిన సంగతి అందరికీ గుర్తున్నది. రోడ్డు వెడల్పులో పోయిన చింతలు ఎన్నో అడిగితే చెప్పేవారు లేరు. రోడ్డు వద్దని మేము అనము. ఆ రోడ్డు మీదనే అంబులెన్సు మన రోగులను నెల్లూరుకూ, మద్రాసుకూ చేరుస్తున్నది. కాని వెడల్పు చేసేటప్పుడు మిగల్చగలిగినవి మిగిల్చామా అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆ ప్రశ్న వేయకపోవడమే తప్పు.

పట్నాలకు ప్లాను అనే మాట ఎట్లా వచ్చింది

పట్నం పెరిగేటప్పుడు ఏది ఇళ్ళకు, ఏది అంగళ్ళకు, ఏది ఫ్యాక్టరీలకు, ఏది తోటలకు అని ముందే రాసిపెట్టుకోవాలన్న ఆలోచన మన దేశంలో చట్టంగా రావడం నూరేళ్ళ కింది మాట. బొంబాయి రాజధానిలో 1915లోను, మద్రాసు రాజధానిలో 1920లోను టౌన్ ప్లానింగు చట్టాలు చేశారు. గూడూరు అప్పుడు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఉండేది గనుక ఆ 1920 చట్టమే మనకూ చట్టమైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినా, 1956లో ఆంధ్రప్రదేశ్ అయినా ఆ చట్టం పేరు మారిందే గాని పోలేదు.

ఆ చట్టానికి కొంచెం ముందు, 1914లో, పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండు పెద్దమనిషి మన దేశానికి వచ్చాడు. మొదట చెట్టుచేమల శాస్త్రం చదివినవాడు. అందుకే కాబోలు ఊరిని కూడా ప్రాణమున్న దానిమాదిరి చూశాడు. మద్రాసు రాజధానిలోని పట్నాలు తిరిగి నివేదికలు రాశాడు. తంజావూరులో ఇరుకు పేటలను పడగొట్టి తిన్నగా వెడల్పు రోడ్లు వేయాలని ఒక పథకం ఉంటే, ఆయన వీధివీధీ కాలినడకన తిరిగి చూసి వేరే మాట చెప్పాడు. కూలిపోయిన ఇళ్ళు, పాడుపడ్డ గోడలు తీసివేయండి. ఆ జాగాను చిన్న మైదానంగా వదలండి. ఉన్న చెట్టును ఉంచి దాని చుట్టూ తిన్నె కట్టండి. నిలబడి ఉన్న ఇళ్ళ జోలికి పోకండి. దీనికి ఖర్చు కూడా చాలా తక్కువ అని లెక్కకట్టి చూపించాడు. ఈ పద్ధతికి ఆయన ప్రాణం కాపాడే శస్త్రచికిత్స అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మంచి వైద్యుడు పుండు ఉన్నంతవరకే కోస్తాడు గాని, కాలంతా తీసివేయడు గదా.

నూరేళ్ళు గడిచినా మన ఇంజనీర్లకు గాని, మనకు గాని ఈ మాట పూర్తిగా ఒంటబట్టలేదు. స్కేలు పెట్టి గీత గీయడం సులభం. నడిచి చూడడం కష్టం.

హైదరాబాదు చెప్పే కథ

మన వాళ్ళలో హైదరాబాదుకు రాకపోకలు లేని కుటుంబం అరుదు. అక్కడి పేటల పేర్లు వినండి: బషీర్‌బాగ్, బాగ్ లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట. బాగ్ అంటే తోట. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ నగరానికి తోటల నగరమని పేరు. ఇప్పుడు ఆ పేటల్లో చాలావాటిలో పేరు మిగిలింది, తోట పోయింది. పిల్లలు బాగ్ అంటే బస్టాపు అనుకొంటున్నారు.

ఆ నగరంలోనే ఒక చింతచెట్టు కథ ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి మునుపెన్నడూ ఎరుగని వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలో ఉన్న ఒక పెద్ద చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. వాళ్ళలో ఏ మతంవాళ్ళు ఎందరని చెట్టు అడగలేదు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నిలిచి, ఏటా సెప్టెంబరులో జనం దాని కిందకు చేరి ఆ రోజును తలుచుకొంటూ వచ్చారు. దానికి ఎవరూ అద్దె కట్టలేదు. దాని విలువ లెక్కకట్టే గుమాస్తా ఎవరున్నారు?

వరద తరువాత ఏం చేశారన్నది ఇంకా ముఖ్యం. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి నివేదిక రాయించుకొన్నారు. దాని ఫలితంగా ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినవి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంటు బోర్డు పెట్టి రోడ్లు వెడల్పు చేశారు, పత్తర్‌గట్టి అంగళ్ళు కట్టారు, ఇరుకు బస్తీల స్థానంలో కొత్త ఇళ్ళు కట్టారు. నగరం పెరగకుండా ఎవరూ ఆపలేదు. పెరుగుదలకు ఒక హద్దు, ఒక వరుస పెట్టారు.

ఆ రెండు చెరువుల సంగతి అక్కడితో అయిపోలేదు. నగరం పడమటికి పాకే కొద్దీ చెరువుల ఎగువన ఫ్యాక్టరీలు, కాలనీలు వస్తే నీరు చెడుతుందని 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చింది. చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాల మీద నిబంధనలు వచ్చినవి. ఆ హద్దులో నూనెల ఫ్యాక్టరీ పెట్టడానికి అనుమతి అడిగిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999లోను, 2000లోను ఇచ్చిన తీర్పుల్లో కోర్టు తాగునీటి పక్షమే నిలిచింది. హాని జరిగాక విచారించడం కాదు, జరగకముందే జాగ్రత్తపడాలన్నది ఆ తీర్పుల సారం. కాని 2022 ఏప్రిల్ 12న 69వ నంబరు జీవోతో ప్రభుత్వమే ఆ నిబంధనలను ఎత్తివేసింది. నగరానికి నీళ్ళు ఇప్పుడు ఎక్కువగా కృష్ణా, గోదావరుల నుంచి వస్తున్నవి గదా అన్నారు. ఆ 84 గ్రామాల రైతుల్లో చాలామంది సంతోషించారు. ఇరవై ఆరేళ్ళు తమ భూమికి ధర రాలేదని వాళ్ళ బాధ. ఆ బాధ అబద్ధం కాదు. నగరానికి నీళ్ళు కాపాడింది వాళ్ళు, నష్టపోయింది వాళ్ళు. కాపాడమని చెప్పేవాళ్ళు కాపాడినవాళ్ళకు ఏమి ఇచ్చారు? మన వాదనలో కూడా ఈ ప్రశ్న వస్తుంది. అక్కడికి వస్తాము.

కాగితం మీద పచ్చరంగు

మాస్టరు ప్లాను అంటే రంగుల పటం. ఇళ్ళకు ఒక రంగు, అంగళ్ళకు ఒకటి, ఫ్యాక్టరీలకు ఒకటి, పార్కులకు, తోటలకు పచ్చరంగు. ఒక రంగు తీసి ఇంకొక రంగు వేయడాన్ని ఆఫీసు భాషలో భూవినియోగ మార్పిడి అంటారు. పెన్ను పోటుతో పచ్చ పసుపు అవుతుంది. చెట్టు మీద గొడ్డలి పడడానికి చాలా ముందే కాగితం మీద గొడ్డలి పడుతుంది. మనం మాత్రం చెట్టు పడినరోజున చూసి బాధపడతాము.

1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఇటువంటి కేసే వచ్చింది. హైదరాబాదు అభివృద్ధి ప్లానులో విహార స్థలంగా చూపిన భూమిలో కొంత జీవిత బీమా సంస్థ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్ళ కోసం తీసుకొన్నవి. దామోదరరావు అనే పౌరుడు, మరికొందరు కోర్టుకు పోయారు. జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు చెప్పారు. ప్లానులో విహార స్థలంగా ఉన్నదాన్ని ఇళ్ళకు వాడకూడదు, కొన్నవాడు సొంతదారే అయినా ప్లానుకు లోబడి ఉండవలసిందే అన్నారు. మంచి గాలి, మంచి పరిసరాలు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమన్నారు. 1991లో బెంగుళూరు పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగుహోముకు ఇచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది. ఆసుపత్రి మంచిదే, కాని పార్కు స్థలంలో కాదని ఆ తీర్పు తాత్పర్యం. మంచి పని పేరుతో మంచి జాగా పోగొట్టకూడదని మనమూ దానినుంచి నేర్చుకోవచ్చు.

రంగు మార్చాలంటే చట్ట ప్రకారం ముందు ప్రకటన వేయాలి, జనం అభ్యంతరాలు వినాలి. మామూలుగా ఇచ్చే గడువు పదిహేను రోజులు. పేపరులో లోపలి పేజీలో, చిన్న అక్షరాలతో, సర్వే నంబర్లతో వస్తుంది. పెళ్ళి ప్రకటనల పక్కన ఉంటుంది. మనలో ఎంతమంది చదువుతాము? మేము కూడా చదవలేదు. ఒప్పుకొంటున్నాము.

చెరువు ఉంటేనే పండుగ

దూరం పోనక్కరలేదు. నెల్లూరులో బారాషహీద్ దర్గా స్వర్ణాల చెరువు గట్టున ఉన్నది. మొహర్రం నెలలో రొట్టెల పండుగకు హిందువులు, ముస్లిములు అందరూ వచ్చి చెరువు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకొంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె. ఎవరి కోరిక తీరితే వాళ్ళు మరుసటేడు వచ్చి రొట్టె ఇస్తారు. ఆ పండుగకు కావలసినవి మూడే: దర్గా, నీళ్ళు, జనం నిలబడే జాగా. చెరువు పూడ్చి కాంప్లెక్సు కట్టి ఉంటే దర్గా మిగిలేదేమో గాని పండుగ మిగిలేది కాదు. ఒక మొహల్లా అంటే గోడలు, ఇంటి నంబర్లు మాత్రమే కాదు. నలుగురు కలిసే జాగా కూడా మొహల్లాయే.

నీళ్ళ సంగతి వచ్చింది గనుక ఇంకొక మాట. 2015 నవంబరు వానలు నెల్లూరు, చిత్తూరు జిల్లాలవాళ్ళు మరిచిపోలేరు. గూడూరు పరిసరాల్లో పెద్దరోడ్డు మీద రాకపోకలే నిలిచిపోయినవి. కలుజు దగ్గర ఇల్లు కట్టి, కాలువ మీద అంగడి వేసి, పంబలేరు వాగు పక్క పోరంబోకు పూడ్చి, తరువాత నీళ్ళు ఇంట్లోకి వచ్చినవని నీళ్ళను తిట్టి ఏం లాభం? నీళ్ళకు మాస్టరు ప్లాను తెలియదు. వాటికి పాత దారే తెలుసు.

రెండూ దక్కిన చోట్లు

ఎప్పుడూ ఒకటి దక్కితే ఒకటి పోవలసిందేనా? కాదు. హైదరాబాదు నుంచి చేవెళ్ళ మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి పక్కన సుమారు 900 మర్రిచెట్లు ఉన్నవి. నిజాముల కాలంలో నాటినవి. రోడ్డు వెడల్పుకు అవి అడ్డమన్నారు. చెట్లు కావాలన్నవాళ్ళు రోడ్డు వద్దనలేదు. చెట్లను లెక్కబెట్టారు, ఒక్కొక్కదానికి గుర్తు పెట్టారు, హరిత ట్రిబ్యునలుకు పోయారు. ఏళ్ళ తరబడి తగవు నడిచింది. చివరకు 2025లో చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, రోడ్డు నమూనా మార్చుకొనేందుకు దారి దొరికింది. ఆ ఆలోచన మొదటే చేసి ఉంటే అన్ని ఏళ్ళు పోయేవి కావు. రోడ్డు ఇరుకై జరిగే ప్రమాదాలూ కొన్ని తప్పేవి.

అదే 2025లో కంచ గచ్చిబౌలిలో జరిగింది వేరు. సెంట్రల్ యూనివర్సిటీ పక్క 400 ఎకరాలు కంపెనీలకు ఇవ్వాలని ప్రభుత్వం సంకల్పించింది. ఉగాది, రంజాను పండుగ సెలవులు వరసగా వచ్చిన రోజుల్లో బుల్‌డోజర్లు దిగినవి. సుమారు వంద ఎకరాల్లో చెట్లు పడిన తరువాత ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది. మనం ఈద్ నమాజు చదివి సేమ్యా పంచుకొంటున్న రోజుల్లోనే అది జరిగింది. ఒక చోట ముందు మాట్లాడుకొన్నందుకు చెట్టు, రోడ్డు రెండూ దక్కుతున్నవి. ఇంకొక చోట ముందు కొట్టినందుకు చెట్లూ పోయినవి, పనీ ఆగింది.

మన పెద్దల మాట

దీన్ గురించి ఎక్కువ చెప్పము, ఆలిములు ఉన్నారు. ఒక్క సంగతి మాత్రం చరిత్రగా చెప్పవచ్చు. మదీనా చుట్టూ కొంత మేర చెట్లు నరకకూడదు, వేటాడకూడదని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం హద్దు పెట్టారు. పశువుల మేత కోసం కొన్ని బీళ్ళను అందరి మేలుకు కాపాడి ఉంచే హిమా అనే ఏర్పాటు అరబ్బు దేశంలో నడిచింది. ఈనాటి వాళ్ళు జోను అనేది మన పెద్దలకు కొత్త మాట కాదన్నమాట. చెట్టు నాటితే దాని పండు మనిషి తిన్నా, పక్షి తిన్నా నాటినవాడికి సదఖా పుణ్యమని చిన్నప్పటినుంచి విన్నాము. అదే హదీసు విని పెరిగిన మేమే కొన్నేళ్ళ కింద ఈద్గా మూలన ఉన్న వేపచెట్టును కాంపౌండు గోడకు అడ్డమని కొట్టించాము. గోడను రెండు గజాలు వంపు తిప్పితే సరిపోయేది. ఆ రోజు ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. ఇప్పుడు ఈద్ నమాజుకు అక్కడ షామియానా అద్దె కడుతున్నాము. ప్రతి ఏటా ఆ బిల్లు చూసినప్పుడు చెట్టు గుర్తుకొస్తుంది.

ఇక మన ఊరి సంగతి

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు గూడూరు నెల్లూరు జిల్లా నుంచి అందులోకి వచ్చింది. 2025 జనవరి 8న చెన్నై, బెంగుళూరు పారిశ్రామిక నడవాలో భాగంగా కృష్ణపట్నం పారిశ్రామిక వాడకు, క్రిస్ సిటీ అంటున్న దానికి, ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. కోట, చిల్లకూరు మండలాల వైపు సుమారు 2,500 ఎకరాల పని. లక్ష మందికి ఉపాధి అని ప్రభుత్వం చెప్పిన అంచనా. అందులో సగం నిజమైనా మన పిల్లలు ఊరు వదిలి గల్ఫుకు పోవలసిన అవసరం కొంత తగ్గుతుంది. దాన్ని మేము మనసారా కోరుతున్నాము.

కాని జనం వస్తే ఇళ్ళు కావాలి, ఇళ్ళకు ప్లాట్లు కావాలి, ప్లాట్లకు నిమ్మతోటలు పోతాయి. రెండెకరాల నిమ్మతోట ఉన్న మన సోదరుడు ఒక ఏడు ధర లేక కాయ చెట్టుకే వదిలేసి, ఇంకొక ఏడు కూలి గిట్టక అప్పుచేసి, చివరకు కూతురి పెళ్ళికి తోట అమ్ముకొంటే అతన్ని తప్పుపట్టే నోరు మనకు లేదు. 111 జీవో రైతులను అడిగిన ప్రశ్నే ఇది. తోట ఉంచమనేవాళ్ళు తోటమనిషికి ఏం ఇస్తారు? ధర లేని ఏడు ఆదుకొనే ఏర్పాటు లేకుండా పచ్చదనం మీద ఉపన్యాసం ఇవ్వడం న్యాయం కాదు.

అట్లాగే లేఅవుటు వేసేవారు పది శాతం జాగా అందరికోసం వదలాలని నియమం ఉన్నది. ఆ పది శాతం ఎక్కడ, గుంతలోనా మూలలోనా అన్నది కొనేవాళ్ళు ముందే చూసుకోవాలి. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, వచ్చింది. చట్టాలు చాలకపోవడం కాదు మన ఇబ్బంది. చూసే కళ్ళు చాలకపోవడం.

మా మనవి

ఖబరస్తాన్ చింతల విషయంలో కార్యవర్గం ఆలోచన ఇది. తుది నిర్ణయం సర్వసభ్య సమావేశానిదే.

మొదటిది: అది వక్ఫు భూమి. 1995 చట్టం ప్రకారం, దానికి 2013లోను 2025లోను వచ్చిన సవరణల ప్రకారం అమ్మడానికి లేదు, లీజులకూ అనుమతులు, నియమాలు ఉన్నవి. ముందు మన రికార్డులు, సర్వే నంబరు, హద్దుల పటం సరిచూసుకోవాలి. కాగితం సరిగా లేని జాగాలో చెట్టూ నిలవదు, గదీ నిలవదు.

రెండవది: గదులు వద్దనము. చెట్లున్న గోడవైపు కాక, సంఘం ఆఫీసు మేడ మీద కట్టుకొందాము. అక్కడ గదులు తక్కువ పడతాయి, అద్దె సగమే వస్తుంది. దాచకుండా చెబుతున్నాము. తక్కువపడిన సగాన్ని ఎవరు భరించాలి? ఫీజు కోసం ఎదురుచూసే పిల్లలు భరించకూడదు. చెట్లు ఉండాలని చేయెత్తిన మనమే చందా పెంచుకొని భరించాలి. నీడ కావాలన్నవాళ్ళు నీడ ఖర్చు ఇచ్చుకోవాలి.

మూడవది: ఆ నాలుగు చింతల కాయ ఏటా రాలి మట్టిపాలవుతున్నది. పాత బోర్డు మాదిరి వేలం వేద్దాము. వచ్చేది కొద్దే కావచ్చు. ఆ కొద్దీ ఫీజుల ఖాతాలో చెట్టు పేరున జమ అవుతుంది. చెట్టు ఫీజు ఇస్తుందా అని అడిగిన తమ్ముడికి అదే మా జవాబు.

నాలుగవది: భూవినియోగ మార్పిడి ప్రకటనలు, మాస్టరు ప్లాను కాగితాలు చదవడానికి ఇద్దరు చదువుకొన్న పిల్లలను నియమిద్దాము. అభ్యంతరం ఉంటే గడువులోపల మర్యాదగా, సంతకాలతో రాసి ఇద్దాము. మన మొహల్లా కోసమే కాదు, పక్క వీధి వాళ్ళ రావిచెట్టు కోసం కూడా. వరదలో చెట్టు ఎక్కినవాళ్ళను చెట్టు అడగని ప్రశ్న మనం అడగవద్దు.

సమావేశానికి అందరూ, ముఖ్యంగా ఆడవాళ్ళు, కుర్రవాళ్ళు రావలసినదిగా కోరుతున్నాము. ఎండ తగ్గాక, అసర్ నమాజు తరువాత, ఆ చింతల కిందనే కూర్చొని మాట్లాడుకొందాము. వాటి సంగతి వాటి నీడలోనే తేల్చుకోవడం మంచిది.

అల్లాహ్ మన ఊరిని చల్లగా ఉంచుగాక. ఆమీన్.